ప్రెసిషన్ రైఫిల్ చాసిస్: బరువునీ అడ్జస్ట్‌మెంట్లనీ ఎలా పోల్చి చూడాలి

చాసిస్ (రైఫిల్ బ్యారెల్, ట్రిగ్గర్ వగైరా బిగించుకునే చట్రం) కొనాలని వెతకడం మొదలుపెట్టగానే మన కళ్లు పోయేది రెండు చోట్లకే. బరువు ఎంత, ఎన్నెన్ని అడ్జస్ట్‌మెంట్లు ఉన్నాయి. నాలుగైదు మోడళ్లవి ఆ రెండూ పక్కపక్కన రాసుకుని తేలికైనదాన్నో, అన్ని వైపులా తిప్పుకోగలిగినదాన్నో ఎంచుకుంటాం. చిక్కేమిటంటే ఆ అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా పోల్చదగ్గవి కావు. ఒక కంపెనీ గ్రిప్ లేకుండా తూస్తుంది, ఇంకోటి గ్రిప్‌తో సహా తూస్తుంది. ఒకరి ‘అడ్జస్టబుల్’ అంటే చేత్తో తిప్పే నాబ్, ఇంకొకరిది ఆలెన్ కీతో విప్పి మధ్యలో స్పేసర్లు (పొడవు పెంచే బిళ్లలు) పెట్టుకోవడం. పైగా ఈ రెండూ వేర్వేరు విషయాలేమీ కావు. కదిలే ప్రతి భాగానికీ ఒక పట్టా, ఒక స్క్రూ, ఒక లాక్ కావాలి, వాటన్నిటికీ బరువుంటుంది. కాబట్టి చాసిస్‌ని ఒంటరిగా తూచకండి, పూర్తయిన రైఫిల్‌ని తూచండి, అడ్జస్ట్‌మెంట్లలో మీరు నిజంగా వాడబోయేవాటినే లెక్కపెట్టండి. నేను చేసే పద్ధతి వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోండి: రైఫిల్‌ని మోస్తారా, ఆనిస్తారా?

ఇది తేలకుండా బరువు మంచిదా చెడ్డదా అని మాట్లాడి లాభం లేదు. భుజానికి తగిలించుకుని గంటలకొద్దీ కొండలెక్కే రైఫిల్‌కి ప్రతి వంద గ్రాములూ తెలుస్తాయి. అదే బ్యారికేడ్ (ఆనుకుని కాల్చడానికి పెట్టే అడ్డు) మీద బ్యాగ్ వేసి, దాని మీద రైఫిల్ ఆనించి కాల్చే పోటీల్లో బరువే మీకు సాయం, రైఫిల్ తనంతట తాను కదలకుండా కూర్చుంటుంది.

ఎందుకో అంకెల్లో చూడండి. 6.5 క్రీడ్‌మూర్ రకం కార్ట్రిడ్జ్‌లో 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) తూటా సెకనుకి దాదాపు 820 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం, గన్‌పౌడర్ బరువునీ దాని వాయువుల వేగాన్నీ కూడా కలిపి లెక్కేస్తే, మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి బ్యారెల్ మూతికి బిగించే ముక్క) లేని 5.5 కిలోల రైఫిల్ వెనక్కి తన్నే శక్తి సుమారు 10 జౌళ్లు వస్తుంది. అదే తూటా 9 కిలోల రైఫిల్‌లో అయితే 6 జౌళ్లకి కాస్త పైన. తూటా మారలేదు, బరువు పెరిగిన నిష్పత్తిలోనే తన్ను తగ్గింది. తన్ను తగ్గితే స్కోప్‌లో టార్గెట్ తప్పిపోదు, తూటా ఎక్కడ తగిలిందో మీరే చూసుకుని రెండోది వెంటనే దిద్దుకోగలరు. బ్యారికేడ్ పోటీల్లో ఇప్పుడు 9, 10 కిలోల రైఫిళ్లు మామూలుగా కనిపించడానికి అసలు కారణం ఇదే.

పోటీలకి వెళ్లేవాళ్లు తమ విభాగపు పరిమితి మొదట చూసుకోవాలి. బోర్లా పడుకుని దూరపు టార్గెట్లు కాల్చే ఎఫ్-క్లాస్ పోటీల్లో ఓపెన్ విభాగపు రైఫిల్ 10 కిలోలు దాటకూడదు, ఎఫ్-టీఆర్ విభాగంలో బైపాడ్‌తో (ముందు రెండు కాళ్ల స్టాండ్) కలిపి 8.25 కిలోలు. అమెరికాలో వేట తరహాలో సాగే ఎన్‌ఆర్‌ఎల్ హంటర్ పోటీల్లో ఓపెన్ లైట్ విభాగానికి 12 పౌండ్లు, అంటే 5.44 కిలోలు, ఓపెన్ హెవీకి 16 పౌండ్లు, అంటే 7.26 కిలోలు. నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి, తూకంలో ఏమేం కలుపుతారో కూడా ఆ ఏడాది రూల్ బుక్‌లోనే చూసుకోండి.

తర్వాత వెనక నుంచి లెక్క కట్టండి

చాసిస్ ఎంత బరువుండాలో చాసిస్ జాబితా చూసి నిర్ణయించకండి. మొత్తం రైఫిల్ ఎంత ఉండాలో కాగితం మీద పైన రాసి, మీ దగ్గర ఇప్పటికే ఉన్నవన్నీ అందులోంచి తీసేయండి. మిగిలినదే చాసిస్ వాటా.

ఉదాహరణకి 5.44 కిలోల పరిమితి తీసుకుందాం. మధ్యరకం బ్యారెల్‌తో యాక్షన్ (తూటాని ఎక్కించి పేల్చే మధ్య భాగం), ట్రిగ్గర్ కలిపి 2.3 కిలోలు. స్కోప్ 900 గ్రాములు, మౌంట్ 200. బైపాడ్ 450, ఖాళీ మ్యాగజైన్ 150, బ్రేక్ 100. మొత్తం 4.1 కిలోలు. మిగిలింది 1.34 కిలోలు, అంతే. ఎండీటీ కంపెనీ వాళ్ల తేలికపాటి చాసిస్ హెచ్‌ఎన్‌టీ26 లాంటిది ఇందులో హాయిగా ఇముడుతుంది, దాని పేరులోని 26 ఔన్సులే, అంటే సుమారు 740 గ్రాములు. కేఆర్‌జీ కంపెనీ చాసిస్ బ్రావో 2.9 పౌండ్లు, 1.3 కిలోలకి కాస్త పైన, అంచు మీద నిలబడుతుంది. ఎండీటీ ఏసీసీ లాంటి 2 కిలోలు దాటిన పోటీ చాసిస్ గురించి ఆ విభాగంలో ఆలోచించనే అక్కర్లేదు, అది ఎంత బాగున్నా సరే. ఈ లెక్క చేసేసరికే మీ జాబితాలో సగం పేర్లు పోతాయి, వాటి గురించి చదివే టైమూ మిగులుతుంది.

పై అంకెలు కేవలం పద్ధతి చూపించడానికి. మీ స్కోప్‌నీ మీ బ్యారెల్‌నీ మీరే తూచి రాసుకోండి. బరువైన బ్యారెల్ ఒక్కటే మొత్తాన్ని తలకిందులు చేస్తుంది.

కంపెనీ చెప్పే బరువుని ఒకే కొలతకి తెచ్చుకోండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ మోసపోయేది ఇక్కడే. ప్రతి చాసిస్ పక్కన ఈ ప్రశ్నలు రాసుకోండి: చెప్పిన బరువులో గ్రిప్ ఉందా? బట్‌స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) ఏ రకానిది, వాళ్ల దగ్గర దొరికే అన్నిటికన్నా తేలికైన అస్థిపంజరం లాంటి స్టాకా, లేక మీరు కొనబోయే పూర్తి అడ్జస్టబుల్ స్టాకా? ఆర్కా రైలు (బైపాడ్‌ని జరిపి బిగించుకునే పట్టా) ఫోరెండ్‌లోనే, అంటే బ్యారెల్ కింది ముందు భాగంలోనే, చెక్కి ఉందా, విడిగా బిగించాలా? మడత కీలు ఉందా? కింద బ్యాగ్ మీద ఆనే భాగం కలిపారా? ఫోరెండ్ పొడవెంత? లేనివాటిని మీరే కలుపుకుంటూ పోండి. 700 గ్రాములన్నది కాస్తా కిలో దాటడం ఇలాగే జరుగుతుంది. ఆ కంపెనీ అబద్ధం చెప్పిందని కాదు, వాళ్లు తూచిన రూపం వేరు, మీరు కాల్చే రూపం వేరు.

పదార్థం గురించి కూడా ఒక మాట. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటర్‌కి 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.74, కార్బన్ ఫైబర్ సుమారు 1.6. అంటే అదే ఆకారంలో చేస్తే మెగ్నీషియం మూడోవంతుకి పైగా తేలిక. కానీ మెగ్నీషియం వంగకుండా నిలబడే గుణం అల్యూమినియంలో మూడింట రెండొంతులే, అందుకే మంచి డిజైనర్లు గోడలు లావు చేసో, ముందు భాగానికి కార్బన్ ఫైబర్ వాడో సర్దుతారు. మెగ్నీషియం మీద పూత గీసుకుపోతే తేమలో, ఉప్పుగాలిలో తొందరగా పాడవుతుంది కాబట్టి తడిలో తిరిగేవాళ్లు ఆ గీతల్ని చూసుకుంటూ ఉండాలి. ఇంకో దారి, పూర్తి లోహం కాకుండా మధ్యలో అల్యూమినియం వెన్నెముక పెట్టి చుట్టూ పాలిమర్ తొడగడం. బ్రావో అలాంటిదే. ఇది కొత్త ఆలోచన కాదు, 1980లలో బ్రిటిష్ సైన్యానికి అక్యురసీ ఇంటర్నేషనల్ ఇచ్చిన ఎల్96ఏ1 కూడా అల్యూమినియం చట్రానికి రెండు వైపులా ప్లాస్టిక్ స్టాక్ బిగించినదే.

బరువు ఎక్కడుందో కొలవండి

నన్నడిగితే అసలైన పోలిక ఇదే, కేటలాగుల్లో కనిపించనిది కూడా ఇదే. మొత్తం 8 కిలోలున్న రెండు రైఫిళ్లు బ్యారికేడ్ మీద పూర్తిగా వేరుగా ప్రవర్తిస్తాయి. ఒకటి బ్యాగ్ మీద పెట్టి చేయి తీస్తే అలాగే ఉంటుంది, ఇంకోటి వెనక్కో ముందుకో వాలిపోతుంది, దాన్ని పట్టుకోవడానికి మీరు కండరాలు బిగించాలి, ఆ బిగింపే రెటికిల్‌లో (స్కోప్‌లోని గురి గీతలు) వణుకై కనబడుతుంది.

కొలవడం తేలిక. రైఫిల్ ఖాళీ చేయండి, చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి, తూటాలన్నీ ఇంకో గదిలో పెట్టండి. తర్వాత మీరు కాల్చేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే స్కోప్, బైపాడ్, ఖాళీ మ్యాగజైన్ అన్నీ తగిలించి ఒక గుండ్రని కర్ర మీద అడ్డంగా పెట్టి ముందుకీ వెనక్కీ జరపండి. నిలిచిన చోట టేప్ ముక్క అంటించి, మ్యాగజైన్ వెల్ (మ్యాగజైన్ దూర్చే గూడు) ముందు అంచు నుంచి అక్కడికి ఎంత దూరమో కొలవండి. బ్యారికేడ్ మీద కాల్చేవాళ్లు ఎక్కువగా ఆ అంచుకి కాస్త ముందు, ఓ 5 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య ఆ చోటు ఉండేలా చూసుకుంటారు, ఎందుకంటే బ్యాగ్ కూర్చునేది అక్కడే. మోసే రైఫిల్‌కి మాత్రం మ్యాగజైన్ దగ్గరే ఉంటే చేతికి హాయి.

ఆ చోటుని ఎంత జరపొచ్చో కూడా ముందే లెక్క కట్టొచ్చు. జోడించే బరువుని, అది ఇప్పటి బ్యాలెన్స్ పాయింట్‌కి ఎంత దూరంలో ఉందో దానితో గుణించి, కొత్త మొత్తం బరువుతో భాగించండి. 7 కిలోల రైఫిల్‌కి 35 సెంటీమీటర్ల ముందు అర కిలో బరువు పెడితే, 0.5 ఇంటూ 35, దాన్ని 7.5తో భాగిస్తే 2.3 సెంటీమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది కదా. అందుకే పొడవాటి ఫోరెండ్ ఉన్న చాసిస్‌కి విలువ, బరువు ఎంత దూరంగా పెట్టగలిగితే అంత తక్కువ బరువుతో పని జరుగుతుంది. చాసిస్‌లని పోల్చేటప్పుడు ‘బరువులు తగిలించుకోవచ్చు’ అన్న మాట దగ్గర ఆగకుండా, ఎక్కడ తగిలించుకోవచ్చో, లోపలా బయటా అని చూడండి. ఏసీసీలో లోపలికీ బయటికీ రెండు రకాల బరువులూ ఉన్నాయి. బయట ఎం-లాక్ అనే బిగింపు గాడుల్లో పెట్టేవి బ్యాగ్‌కి అడ్డం తగలొచ్చు, లోపలివి తగలవు.

వెనక స్టాక్‌లో బరువు పెట్టే సదుపాయం కూడా కొందరికి కావాలి. బరువైన పొడవాటి బ్యారెల్ వాడేవాళ్లకి ముక్కు కిందికి దిగిపోతుంది, వాళ్లకి ముందు బరువులతో పనిలేదు, వెనకే కావాలి.

అడ్జస్ట్‌మెంట్లు: మీ శరీరం నుంచి మొదలుపెట్టండి

చాసిస్‌లో ఏమేం తిరుగుతాయో చూసే ముందు, మీకు ఏం తిరగాలో తెలియాలి. ఇప్పుడు మీ దగ్గరున్న స్టాక్‌తోనే, లేదా స్నేహితుడిది అడిగి తీసుకుని, ఈ వరసలోనే చూసుకోండి. వరస మార్చితే ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది.

మొదట లెంగ్త్ ఆఫ్ పుల్, అంటే ట్రిగ్గర్ ముఖం నుంచి బట్ ప్యాడ్ (భుజానికి ఆనే మెత్త) మధ్య వరకు దూరం. ఎక్కువమందికి ఇది 32 నుంచి 37 సెంటీమీటర్ల మధ్యలో పడుతుంది. బోర్లా పడుకుని, శరీరం రైఫిల్ వెనక నేరుగా పెట్టి, భుజం ముందుకు లాగకుండా, మెడ చాచకుండా గ్రిప్ పట్టుకున్నప్పుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద నిటారుగా పడాలి. తర్వాత నిలబడి, బ్యారికేడ్ ఎదురుగా రెండు భుజాలూ సమంగా పెట్టి చూడండి. చాలామందికి నిలబడినప్పుడు కాస్త పొట్టిగా కావాలి. దళసరి జాకెట్ వేసుకుంటే ఇంకా పొట్టిగా. ఈ రెండు స్థితుల మధ్య తేడా ఎంతుందో రాసుకోండి. తేడా ఒక సెంటీమీటర్ లోపలే అయితే మీకు స్పేసర్లతో పొడవు మార్చే తేలికపాటి స్టాక్ చాలు, మధ్యరకంగా ఒకసారి పెట్టుకుని మర్చిపోవచ్చు. ఇద్దరు ముగ్గురు పంచుకునే రైఫిల్ అయితే మాత్రం నాబ్‌తో మారేదే కొనండి, దాని అదనపు బరువు దండగ కాదు.

రెండోది స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరిపి కంటి దూరం సరిచేయడం. ఇది చాసిస్ పని కాదు కానీ, దీన్ని వదిలేసి చీక్ పీస్ (చెంప ఆనే దిమ్మ) దగ్గరికి వెళ్తే అన్నీ తప్పుగానే కుదురుతాయి.

మూడోది చీక్ పీస్ ఎత్తు. కళ్లు మూసుకుని, తల బరువంతా చెంప మీద వదిలి, తర్వాత కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ అంచులు నల్లబడకుండా నిండుగా కనిపించాలి. వెతుక్కోవాల్సి వస్తే ఎత్తు సరిలేదు. పక్కకి జరిపే వీలు కూడా కొన్ని చాసిస్‌లలో ఉంటుంది, వెడల్పు ముఖం ఉన్నవాళ్లకి అది నిజంగా అవసరం, మిగతావాళ్లకి అంతగా కాదు. ఇక్కడ తప్పకుండా చూడాల్సినదొకటి ఉంది: చీక్ పీస్ మీకు కావలసిన ఎత్తులో ఉన్నప్పుడు బోల్ట్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే కడ్డీ) పూర్తిగా వెనక్కి వస్తుందా, బయటికి తీయొచ్చా? కొన్నిట్లో తగులుతుంది, ప్రతిసారీ చీక్ పీస్ దించి శుభ్రం చేసి మళ్లీ పెట్టాలి. అలాంటప్పుడు అది కచ్చితంగా అదే ఎత్తుకి తిరిగొచ్చే ఏర్పాటు, ఒక కాలర్ (ఆ ఎత్తులో ఆపే రింగు) అయినా గుర్తుల గీతలైనా, ఉండి తీరాలి.

నాలుగోది బట్ ప్యాడ్. పైకీ కిందికీ జరపడం, కాస్త పక్కకి వంచడం. ప్యాడ్ కిందికి దించితే తల నిటారుగా ఉండి మెడకి సుఖం. అలా అని మరీ దించితే ప్యాడ్ మధ్య బ్యారెల్ గీతకి బాగా కిందికి పోయి, కాల్చినప్పుడు ముక్కు పైకి ఎగురుతుంది. రెంటికీ మధ్య మీ చోటు వెతుక్కోవాలి. పైకీ కిందికీ జరిగే ప్యాడ్ దాదాపు అందరికీ పనికొస్తుంది, వంచడం కొందరికే.

చివరగా గ్రిప్. ఏఆర్-15 రైఫిల్ గ్రిప్ పట్టే చాసిస్ అయితే చేతికి సరిపడేది తర్వాతైనా మార్చుకోవచ్చు, పెద్ద నిశ్చింత. నిటారు గ్రిప్ ఉంటే మణికట్టు మెలితిరగదు, వేలు ట్రిగ్గర్‌ని నేరుగా వెనక్కి లాగుతుంది. చేతులు చిన్నవైతే గ్రిప్ ముందుకు జరిగే చాసిస్ చూడండి. బొటనవేలు అటువైపు చుట్టకుండా ఇటువైపే ఆనించి కాల్చే అలవాటుంటే దానికో చిన్న మెట్టు ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు మీ దగ్గర ఒక కాగితం ఉంది, అందులో మీకు కావలసిన పొడవు, ఎత్తు, ప్యాడ్ చోటు, ఒక్కోటి ఎంత మేర మారాలో ఉన్నాయి. ప్రతి చాసిస్ పక్కన మూడు ముక్కలు రాయండి: ఈ అవసరం తీరుతుందా, పనిముట్టు లేకుండానా, ఎంత అదనపు బరువుతో. మ్యాచ్ మధ్యలో మార్చేవాటికే పనిముట్టు లేని నాబ్ కావాలి. ఒకసారి పెట్టి వదిలేసేవాటికి స్క్రూయే నయం, అది దానంతట అది తేలిగ్గా వదులు కాదు, బరువూ తక్కువ.

కదిలేది కదలకుండా ఉంటుందా?

దొరికితే చేత్తో పట్టుకుని చూడండి. లాక్ బిగించి చీక్ పీస్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి, పక్కలకి ఊపండి. బట్ ప్యాడ్‌ని పట్టి మెలితిప్పండి. టక్‌మని చప్పుడొచ్చినా, కొంచెం జరిగినా అది రేపు కాల్చేటప్పుడు మీ చెంప కింద జరుగుతుంది. మడత స్టాక్ అయితే ఇంకా జాగ్రత్తగా: తెరిచి లాక్ చేసి, స్టాక్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కీలు దగ్గర సందు తెలియకూడదు. అరిగినకొద్దీ బిగించుకునే స్క్రూ ఆ కీలుకి ఉందేమో అడగండి. మడత స్టాక్ మీద కొన్ని దేశాల్లో చట్టం వేరేగా ఉంటుంది, కొనేముందు మీ దగ్గర ఏముందో చూసుకోండి.

తర్వాత తిరిగొచ్చే పరీక్ష. అన్నీ మీకు కావలసినట్టు పెట్టి కొలిచి, చివరికంటా తిప్పేసి, గుర్తుల సాయంతో మళ్లీ పెట్టి కొలవండి. మిల్లీమీటర్ తేడాతో తిరిగొస్తే మంచి చాసిస్. గీతలు, అంకెలు లేకపోతే పెయింట్ పెన్‌తో మీరే గీసుకోవచ్చు.

సరిపోయేదేనా

ఇది త్వరగా తేలిపోతుంది. చాసిస్ మీ యాక్షన్‌కి చేసినదై ఉండాలి. రెమింగ్టన్ 700 రైఫిల్ యాక్షన్ అడుగు ఆకారానికి చేసినవే ఎక్కువ, ఎన్నో కస్టమ్ యాక్షన్లు ఆ ఆకారాన్నే అనుసరిస్తాయి. షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకి), లాంగ్ యాక్షన్ (పొడవాటివాటికి) వేరు, ఎడమ చేతిది వేరు. మీ బ్యారెల్ లావు ఫోరెండ్‌లో తగలకుండా పడుతుందా, మ్యాగజైన్ చాలా చాసిస్‌లు తీసుకునే ఏఐసీఎస్ రకానిదేనా చూడండి. బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడండి, తయారీదారు చెప్పిన అంకెకే. అల్యూమినియం చాసిస్‌లకి 65 ఇంచ్-పౌండ్లు, అంటే సుమారు 7.3 న్యూటన్ మీటర్లు, తరచుగా కనిపించే అంకె. యాక్షన్ స్క్రూలు బిగించే ముందు రైఫిల్‌ని నిలబెట్టి బట్ మీద ఆనిస్తే రీకాయిల్ లగ్ (తన్నుని చాసిస్‌కి అందించే దిమ్మ) వెనక్కి సరిగ్గా కూర్చుంటుంది.

పక్కపక్కన పెట్టి కాల్చి చూసే అవకాశం వస్తే

గ్రూప్ సైజు చూడకండి, అది బ్యారెల్, తూటాల సంగతి. మూడు చూడండి. ఖాళీ రైఫిల్‌తో డ్రై ఫైర్ చేసినప్పుడు రెటికిల్ ఎంత కదిలింది. నిజంగా కాల్చినప్పుడు తూటా తగిలిన చోటు స్కోప్‌లో కనబడిందా. బోర్లా పడుకున్న చోటు నుంచి లేచి బ్యారికేడ్ మీదికి వెళ్లి మొదటి సారి చూడగానే బొమ్మ నిండుగా ఉందా. రెండిట్లోనూ ఒకే స్కోప్, ఒకే మందుగుండు వాడండి, బ్యాలెన్స్ పాయింట్ కూడా వీలైనంత ఒకే చోటుకి తెచ్చుకోండి, లేకపోతే మీరు పోలుస్తున్నది చాసిస్‌ని కాదు.

బరువులు మాత్రం మొదటే కొనకండి. ఖాళీ చాసిస్‌తో కొన్నాళ్లు కాల్చి, బ్యాలెన్స్ పాయింట్ ఎటు, ఎంత జరగాలో పైన చెప్పిన లెక్కతో తేల్చుకుని, ఆ ఒక్క చోటుకి సరిపడా ముక్కే తెప్పించుకోండి.